నాన్న చేతిలో పట్టేంత

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి నాన్న పేపరు చదవడం మానేశాడు.

నాన్నది స్కూలు వ్యాను. పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపాక, మళ్ళీ బడి వదిలేదాకా గేటు పక్కన గోడ నీడలో బండి పెట్టుకుని కూర్చోవడం ఆయన ఉద్యోగంలో సగం. ఆ సగాన్ని ఇన్నేళ్ళూ పేపరుతోనే గడిపాడు. మొదటి పేజీ నెత్తిన ఉండే తేదీ దగ్గర మొదలుపెట్టి, చివరి పేజీ అడుగున అచ్చువేసినవాళ్ళ చిరునామా దాకా నమిలి మింగేవాడు. అలాంటి మనిషి, పేపరు వేసే అతనితో "రేపట్నుంచి వద్దులే" అనేశాడు.

"ఏమైంది నాన్నా?" అని అడిగాను.

"ఏముంటున్నాయమ్మా అందులో? నిన్నటి దొంగతనం ఇవాళ వేస్తారు, ఇవాళ్టి దొంగతనం రేపు వేస్తారు," అన్నాడు.

నేను నమ్మాను. నమ్మడానికి నాకో కారణం ఉంది. చెప్పుల కొట్లో పని చేస్తాను కాబట్టి మనుషుల మాటల వెనక ఏముందో నాకు తెలుసనుకుంటాను. "రంగు బాగాలేదు" అన్నారంటే ధర ఎక్కువైందని. "ఇంట్లో అడిగి వస్తా" అన్నారంటే ఇక రారని. "కాస్త వదులేమో" అంటూ అద్దంలో మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నారంటే ఇక పెట్టె కట్టెయ్యొచ్చని. ఈ విద్యంతా ఆ ఎండాకాలం నాన్న దగ్గర బోర్లా పడింది.

ఆయన బండిలో ఉత్తినే కూర్చుని ఉండటం నాకు నచ్చలేదు. ఓ మధ్యాహ్నం అటుగా వెళ్తూ చూశాను. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నాడు. ఆ సాయంత్రం తమ్ముడితో అన్నాను, "నాన్నకి చిన్న టాబ్లెట్ ఒకటి కొందాంరా. వార్తలు చూస్తాడు, పాత సినిమాలు చూస్తాడు."

తమ్ముడు కొరియర్ పార్సిళ్ళు ఇంటింటికీ ఇచ్చొచ్చే పనిలో ఉన్నాడు. వాడు ఇవ్వని వస్తువంటూ లేదు కాబట్టి, వాడికి తెలియని వస్తువంటూ లేదని వాడి నమ్మకం. ఇంట్లో వాడి పేరు సర్వజ్ఞుడు.

"చిన్నదెందుకక్కా? పన్నెండు అంగుళాలది కొందాం. సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది," అన్నాడు.

"దాన్ని ఎక్కడ పెడతాడురా, బండి నెత్తి మీదా? ఆయన చేతిలో పట్టాలి. స్టీరింగు పక్కన అర ఉంది చూడు, అందులో పట్టాలి. మన జేబులో కూడా పట్టాలి."

అమ్మ అప్పటికప్పుడే కిందికి దిగి వెళ్ళి, బండిలో అరని చేత్తో కొలిచి వచ్చింది. "జానెడు. బొటనవేలు మడిస్తే సరిగ్గా సరిపోయింది," అని చెయ్యి అలాగే చాపి పట్టుకుని మెట్లెక్కింది. కొలత చెదిరిపోతుందేమోనని దారిలో ఎవరో పలకరించినా చెయ్యి ఊపలేదట. ఎనిమిది అంగుళాలని సర్వజ్ఞుడు తేల్చాడు.

"ఇంకో మాట. శబ్దం బాగా గట్టిగా వచ్చేది చూడండి. మీ నాన్నకి వినపడితే చాలు," అంది అమ్మ.

అమ్మ కూడా రోజూ వ్యాన్లోనే వెళ్తోంది అప్పటికి ఏడాది బట్టి. చిన్నపిల్లల్ని ఎక్కించడానికీ దింపడానికీ ఆడమనిషి ఒకరు ఉండాలంది. డ్రైవరు పక్క సీట్లో బుట్ట ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చునేది. ఈ వయసులో హనీమూనేమిటని తమ్ముడూ నేనూ నవ్వుకునేవాళ్ళం.

నాన్నకి చెప్తే ఒప్పుకోలేదు. "నాకేం జబ్బని టాబ్లెట్?" అన్నాడు. ఆ జోకుకి ఆయనే చాలాసేపు నవ్వాడు. ఆఖరికి, పిల్లలు ముచ్చటపడి కొంటుంటే కాదనకూడదని అమ్మ గదమాయిస్తే, సాయంత్రం బడి పిల్లల్ని దింపాక అదే బండిలో అందరం బయల్దేరాం.

కొట్లో అమ్మాయి మెడలో కార్డు వేసుకుని హుషారుగా ఉంది. మా బడ్జెట్టు సర్వజ్ఞుడు ఆమె చెవిలో చెప్పాడు. ఆమె ముఖం మార్చుకోకుండా మూడు టాబ్లెట్లు తెచ్చి గాజు బల్ల మీద వరసగా పెట్టింది. అక్కడే నాకు నచ్చింది ఆ పిల్ల. తక్కువ ధర అడిగితే ముఖం మారకుండా ఉండటం అమ్మేవాళ్ళలో అందరికీ రాదు.

"ఇది ఒకసారి చార్జింగ్ పెడితే రోజంతా వస్తుందంకుల్. సిమ్ కూడా వేసుకోవచ్చు, వైఫై లేకపోయినా పర్లేదు. ఇది కాస్త చవక, కాకపోతే కొంచెం నెమ్మది. ఇదేమో ఎండలో కూడా బాగా కనిపిస్తుంది."

నాన్న మొదటిదాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "దీని అద్దం మసగ్గా ఉందమ్మా," అని చొక్కా అంచుతో తుడిచాడు.

"కొత్త పీసే అంకుల్! ఇప్పుడే మీ ముందే డబ్బా విప్పాను కదా. ఉండండి, వెలుతురు పెంచుతాను."

పెంచింది. నాన్న ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "అమ్మో, కళ్ళలో సూదులు గుచ్చినట్టుంది. తగ్గించు తల్లీ."

నేను తమ్ముడి వైపు చూసి కన్ను కొట్టాను. అర్థమైందా, ధర గురించి బెంగ, ఆ ముక్క చెప్పలేక అద్దానికి వంక పెడుతున్నాడు అని. "నాన్నా, డబ్బు సంగతి మాకొదిలెయ్," అన్నాను.

"డబ్బు కాదమ్మా. ఇదీ అంతే, చూడు." రెండోదాన్నీ తుడిచాడు.

మూడోది ఆ అమ్మాయి చేతికిచ్చింది. అందులో ఏముందో చూడకముందే, ఒక్క మాటైనా అనకముందే, ఆయన చెయ్యి చొక్కా అంచు వెతుక్కుంటూ వెళ్ళింది. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

నా నవ్వు సగంలో ఆగిపోయింది. మా కొట్లో ఒక జత కరిస్తే చెప్పుని చూస్తాం. వేసుకున్న ప్రతి జతా ఒకే చోట కరిస్తే, కాలుని చూస్తాం.

"నాన్నా," అన్నాను మామూలుగా, "ఎదురుగా ఆ గోడ మీద ఏం రాసుందో చూడు."

నాన్న ఆ వైపు తల ఎత్తి, "ఏముంటుందీ, అప్పు అడగొద్దని!" అన్నాడు. కొట్లో అమ్మాయి పకపకా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. అమ్మ మాత్రం బుట్టలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఆ గోడ మీద ఏమీ రాసి లేదు. పళ్ళెమంత గడియారం ఒకటి ఉంది.

ఇంకోసారి వస్తామని చెప్పి బయటికి వచ్చేశాం. తమ్ముడు ఇంకా ఇవ్వాల్సిన పార్సిళ్ళున్నాయని అటే వెళ్ళిపోయాడు. నేను వ్యాన్లో వెనక పిల్లల సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాను. అడుగుదామా వద్దా, ఇప్పుడా ఇంటికెళ్ళాకా అనుకుంటుండగానే బండి కదిలింది.

అమ్మ కబుర్లు కూడా కదిలాయి. బండెక్కితే అమ్మ నోరు ఆగదు. మాకది అలవాటే.

"ఆ ఎర్ర గొడుగావిడని చూడండి, దాటనా మాననా అని రోడ్డుకి అడ్డంగా ఎలా నిలబడిందో."

నాన్న బండి నెమ్మది చేశాడు.

"ఆ, దాటేసిందిలెండి. అబ్బో, ఆ లారీవాడు! మలుపు దగ్గరే ఆపుకున్నాడు, రోడ్డు వాళ్ళ తాతగారిదైనట్టు."

నాన్న స్టీరింగు కుడికి తిప్పాడు. లారీని దాటుకుని వెళ్ళాం.

"ఎర్రదీపమంటే ఈ స్కూటర్లవాళ్ళకి లెక్కేలేదండీ."

బండి ఆగింది.

"పచ్చ పడితే మాత్రం వెనకనుంచి ఒకటే హారన్లు."

బండి కదిలింది.

ఏడాది బట్టి వింటున్న వాగుడే. ఆ సాయంత్రం మొదటిసారి వినపడింది.

"నాన్నా, బండి పక్కకి ఆపు."

"ఇక్కడెందుకమ్మా?"

"ఆపు నాన్నా."

"ఎడమ పక్క ఖాళీ ఉంది," అంది అమ్మ. అనేసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బండి ఆగింది. పక్కనుంచి పోయే బండ్ల గాలికి వ్యాను చిన్నగా ఊగుతోంది.

"ఇన్నేళ్ళల్లో నా బండి ఎవరికీ ఒక్క గీత పెట్టలేదు," అన్నాడు నాన్న, ముందుకే చూస్తూ.

"తెలుసు నాన్నా."

"పిల్లలుంటే మరీ మెల్లగా పోతాను."

అదీ తెలుసు. పిల్లలు ఆయన్ని పిలిచేదే మెల్లగా తాత అని.

"సెలవులిచ్చేస్తారు కదా, అప్పుడు చూపిద్దామనుకున్నామే," అంది అమ్మ. "కన్ను కోస్తారేమోనని ఈయనకి భయం. బండి లాక్కుంటారేమోనని ఇంకా భయం. నేను పక్కనుంటే ఏం కాదులే అనుకున్నాను."

"నువ్వు ఏ రోజైనా తుమ్మితే?" అన్నాను.

నేను కూర్చున్న సీటు మూలలో ఎవరో పిల్ల మర్చిపోయిన నీళ్ళ సీసా ఉంది. గులాబీ రంగుది, మూత మీద కుందేలు చెవులున్నాయి. దాన్ని అంతసేపూ చేత్తో పట్టుకునే ఉన్నానని అప్పుడే గమనించాను. నాన్న వెనక్కి తిరిగాడు.

"ఏమిటది?"

"నీళ్ళ సీసా. ఎవరో మర్చిపోయారు."

"కిటికీ పిల్లదయ్యుంటుంది," అంది అమ్మ మెల్లగా. "కిటికీ పక్కనే కూర్చుంటానని రోజూ పేచీ పెడుతుందే, ఆ పిల్లది."

నాన్న చెయ్యి చాపాడు. ఇచ్చాను. మూత మీది చెవుల్ని వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత సీసాని జాగ్రత్తగా ముందు అద్దం దగ్గర నిలబెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంటికి బస్సులో వెళ్ళాం. స్టాపులో బస్సు వచ్చి ఆగగానే, నాన్న అమ్మ వైపు వంగి, "ఇది మన బస్సేనా?" అని అడిగాడు. నా ముందు ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"మనదే, ఎక్కండి," అంది అమ్మ.

బండిని ఆ రాత్రి తమ్ముడు వెళ్ళి తెచ్చాడు. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఆవిడ నాన్న కళ్ళలోకి దీపం వేసి చూసి, "ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది?" అంది.

"ఓ నెలనుంచి," అన్నాడు నాన్న.

"ఏడాదినుంచి," అంది అమ్మ.

"మీ ఇద్దరిలో రోగి ఎవరు?" అని నవ్వింది డాక్టరు. "రెండు కళ్ళలోనూ శుక్లాలండీ, బాగా ముదిరాయి. భయపడేదేం లేదు. మీ బండి ముందద్దం గీతలు పడి మసకబారితే ఏం చేస్తారు?"

"కొత్తది వేయిస్తాం."

"ఇదీ అంతే. లోపల పాత అద్దం తీసేసి కొత్తది పెడతాం. ముందు ఒక కంటికి, కొన్నాళ్ళాగి రెండోదానికి."

నాన్న ఆలోచించాడు. "కంపెనీదేనా?" అని అడిగాడు.

సెలవులిచ్చేదాకా వ్యాను ఎవరు నడపాలన్నది పెద్ద సమస్య అయింది. లైసెన్సున్నవాడు సర్వజ్ఞుడొక్కడే. మేనేజర్ని బతిమాలి డ్యూటీ వేళలు మార్పించుకుని వాడే ఎక్కాడు. ఇంట్లో కూర్చోవయ్యా అంటే నాన్న వినలేదు, పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీటు తనదంటూనే అమ్మ వెనక కూర్చుంది గానీ నోరు మాత్రం ముందే ఉంది. ఒకపక్క అమ్మ "సైకిలు, సైకిలు" అనడం, ఇంకోపక్క నాన్న "గేరు మార్చరా, పాపం ఇంజను ఏడుస్తోంది" అనడం. వాళ్ళని చూసి పిల్లలంతా కలిసి "మెల్లగా! మెల్లగా!" అని అరవడం. తమ్ముడు ఇంటికొచ్చి మంచం మీద అడ్డంగా పడిపోయేవాడు.

"అక్కా, పార్సిళ్ళు నయం. నోరెత్తవు," అనేవాడు.

టాబ్లెట్‌కని దాచినదంతా ఆసుపత్రిలో కట్టేశాం. "పోనీలే, చిన్న స్క్రీనే కదా కావాలన్నావు," అన్నాడు తమ్ముడు. "అంతకన్నా చిన్నది దొరకదు. నేరుగా కంట్లోనే పెట్టించాం."

ఆపరేషన్ రోజు నాన్న చెయ్యి నా చేతిలో ఉంది. చెమటతో తడిసిపోయింది. లోపలికి పిలవగానే, "వెళ్ళిరానా?" అని అమ్మనే చూసి అడిగాడు. అమ్మ "మెల్లగా," అంది.

మర్నాడు కట్టు విప్పారు. నాన్న రెప్ప ఆర్పాడు, ఎదురుగా ఉన్న అమ్మని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎప్పుడే ఇంత తెల్లబడింది నీ జుట్టు?"

"మీరు చూడని ఏడాదిలో," అంది అమ్మ. అని, డాక్టరు వైపు తిరిగి, "కట్టు మళ్ళీ కట్టెయ్యండి," అంది. డాక్టరుతో సహా అందరం నవ్వాం. అమ్మ మాత్రం పైట సర్దుకునే మిషతో కళ్ళొత్తుకుంది.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు గోల. గోడకి ఈ రంగు ఎవరు వేయించారు? ఆయనే. ఫ్యాను మీద ఇంత బూజుంటే ఎవరూ చూడరా? చూశాం, ఊరుకున్నాం. "ఒరేయ్, నువ్వు గడ్డం పెంచుతున్నావని నాకెవరూ చెప్పలేదే!" అని తమ్ముణ్ణి వెలుతురులోకి లాక్కెళ్ళి మరీ చూశాడు. పక్కింటివాళ్ళ మేడ మీద ఆరేసిన బట్టల్లో ఏది చిరిగిందో చెప్పాడు. "ఒక కంటికే ఇలా ఉంటే రెండోదాంతో ఇంట్లో బతకనిస్తారా?" అని అమ్మ భయపడింది. సెలవుల్లో ఆ రెండోదీ అయింది.

బడులు తెరిచే ముందు నాన్నే అన్నాడు, "ఏదీ, టాబ్లెట్ అన్నారుగా."

మళ్ళీ కాస్త కూడబెట్టాం. మళ్ళీ అదే కొట్టు. ఆ అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టి, ముందు జాగ్రత్తగా ఓ మెత్తటి గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. నాన్న రెండోది, ఆ చవకదే, చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు ఒక అంచున, మిగతా వేళ్ళు ఇంకో అంచున. పట్టింది. కాస్త ఎత్తి చూసి, "దీని మీద వేలిముద్ర ఉందమ్మా," అన్నాడు.

"కొత్త పీసే అంకుల్..."

"ఇదిగో, ఈ మూల. చిటికెన వేలిది."

ఆమె వంగింది. టాబ్లెట్‌ని దీపం కిందికి పట్టి, ఏటవాలుగా తిప్పి, ముక్కు దానికి ఆనేంత దగ్గరగా చూసింది. "అవునంకుల్. ఉంది," అంది ఆశ్చర్యంగా.

"ఇది వద్దు నాన్నా," అన్నాడు సర్వజ్ఞుడు. "ర్యామ్ తక్కువ. మెల్లగా పని చేస్తుంది."

"నేనూ మెల్లగానే పని చేస్తానురా. శబ్దం ఎలా ఉందో పెట్టు." పెట్టారు. కొట్టంతా తిరిగి చూసేంత గట్టిగా ఉంది. "చాలు. ఇదే," అని, అట్ట కవరు ఉచితంగా ఇమ్మని ఆ అమ్మాయితో బేరానికి దిగాడు. ఆమె చివరికి ఒప్పుకుంది. బేరంలో నేనెక్కడా కల్పించుకోలేదు. ఆయన ఆ అమ్మాయి ముఖం చూసి, ఇంకెంత దాకా లాగొచ్చో లెక్క వేస్తున్నాడు, అది చూస్తూ నిలబడ్డాను.

బడి పెద్దటీచరు డాక్టరు ఇచ్చిన కాగితం చూస్తే చాలంది. నాన్నకి చాలలేదు. ఆటస్థలం అవతల గోడ మీద పిల్లలు బొగ్గుతో రాసిన బూతులతో సహా చదివి వినిపించాడట. ఆవిడ ఆ సాయంత్రమే గోడకి సున్నం వేయించింది. అమ్మ మాత్రం వ్యాను ఎక్కడం మానలేదు. మానమని ఎవరూ అనలేదు కూడా.

బడి తెరిచిన వారంలో ఓ మధ్యాహ్నం, కొట్టు సెలవని, ఆయన టాబ్లెట్‌తో ఏం చేస్తున్నాడో చూద్దామని బయల్దేరాను. అప్పుడే జల్లు పడి ఆగింది. రోడ్డు నల్లగా మెరుస్తోంది. బడి వీధి మొదట్లో, గుంట తప్పించుకోబోయి కాలు మడతపడింది, చెప్పు పట్టీ టప్పున తెగింది. దాన్ని ఈడ్చుకుంటూ, ఎవరైనా చూస్తారేమోనని గోడవారగా నడుస్తున్నాను.

వీధి చివర వ్యాన్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. మా బండి కిటికీ దగ్గర తోటి డ్రైవర్లు మూగి ఉన్నారు. నాన్న వార్తలు చదువుతున్నాడు, మధ్యమధ్య సొంత అభిప్రాయాలు కలుపుతున్నాడు, వాళ్ళు నవ్వుతున్నారు. ఆయన గొంతు అంత దూరానికీ వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు.

గొంతు ఉన్నట్టుండి ఆగింది. డ్రైవర్ల తలల మధ్యనుంచి నాన్న తల పైకి లేచింది.

"అమ్మాయ్! నడవకు, అక్కడే ఉండు! ఎడమ కాలి చెప్పు తెగినట్టుందే!"

అందరూ ఇటు తిరిగారు. "చెప్పుల కొట్లో పిల్లకి తెగిన చెప్పులా!" అని ఎవరో అన్నారు, గొల్లుమన్నారు. నాన్న అప్పటికే బండి దిగి, టాబ్లెట్ చంకలో పెట్టుకుని, తడి రోడ్డు మీద గుంటలు చూసుకుంటూ, ఒక్కటి కూడా తొక్కకుండా నా వైపు వస్తున్నాడు.

నేను ఒంటికాలి మీద నిలబడి కిందికి చూసుకున్నాను. ఎడమ కాలిదే.